చిమ్మటా, పుట్టగొడుగా?

బుల్లి ఆ మ్యూజియంలో అందరికంటే పొడుగు. స్టూలు వేసుకోకుండా పై అరల్లోని పెట్టెలు దించగలిగేది ఆమె ఒక్కతే. అయినా ఉయ్యాల్లో ఉన్నప్పుడు పెట్టిన ముద్దుపేరు ముప్పై దాటినా ఆమెను వదల్లేదు. వదిలించుకునే దారీ లేదు. ఆ పేరు పెట్టిన అమ్మా, కోడలితోపాటు ఆ పేరునూ ఇంటికి తెచ్చుకున్న అత్తగారూ అదే మ్యూజియంలో, ఒకే వరండాకు చెరోపక్క కూర్చుంటారు.

వరండాకు ఎడమపక్క పుట్టగొడుగుల విభాగం. అది అమ్మది. ఆ గదిలో అడుగుపెడితే వాన వెలిసిన అడవి వాసన. కుడిపక్క పురుగుల విభాగం. అది అత్తగారిది. అక్కడెప్పుడూ కలరా ఉండల ఘాటు. పురుగుల్లోనూ అత్తగారికి చిమ్మటలంటే ప్రాణం. చూడ్డానికి అవి సీతాకోకచిలుకల్లాగే ఉంటాయి కానీ చాలావరకు పగలంతా చెట్టు మానుకు అతుక్కుని నిద్రపోతాయి, చీకటి పడితే దీపాల చుట్టూ తిరుగుతాయి. "సీతాకోకచిలుకలది ఒట్టి ఆర్భాటం. చిమ్మటలు మర్యాదస్థులు" అంటారావిడ.

వాళ్ళిద్దరి తగవు వియ్యం కంటే పాతది. బుల్లీ, ఆమె మొగుడూ చిన్నప్పుడు బడి వదిలాక ఆ వరండాలోనే బెంచీ మీద కూర్చుని, తమ తల్లులు వాదన ఆపి ఇంటికి ఎప్పుడు తీసుకెళ్తారా అని ఎదురుచూసేవారు. అలా ఎదురుచూసీ చూసీ ఇద్దరూ ప్రేమలో పడ్డారు. పెళ్ళయ్యాకైనా గొడవ సద్దుమణుగుతుందని అందరూ ఆశపడ్డారు. సద్దుమణగలేదు సరికదా, దానికి కొత్తగా 'వదినగారూ' అనే మర్యాద తోడైంది.

"మీ పుట్టగొడుగులు పాపం వదినగారూ, పుట్టినచోటే కుళ్ళిపోతాయి."

"నిజమే వదినగారూ. మీ చిమ్మటల్లా పోయి పోయి దీపంలో పడి చచ్చేంత తెలివి వాటికెక్కడిది?"

బుల్లి పని గాజు బీరువాల్లో వస్తువులు అమర్చడం, వాటి పక్కన చూపరులకు అర్థమయ్యేలా నాలుగు మాటలు రాసిపెట్టడం. చిమ్మట గురించి ఒక వాక్యం ఎక్కువ రాస్తే అమ్మ మూతి ముడుచుకునేది. పుట్టగొడుగు బొమ్మ ఒక అంగుళం పెద్దదైతే ఇంట్లో అత్తగారు పలికేవారు కాదు. అడకత్తెరలో పోకచెక్క ఎలా ఉంటుందో బుల్లికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇలా ఉండగా ఒకరోజు డైరెక్టరుగారు ముగ్గుర్నీ తన గదికి పిలిపించారు. ఆయన బల్లమీద ఒక ఫొటో ఉంది. అడవిలో వాకింగుకు వెళ్ళిన ఎవరో ఒకాయన తీసి, 'ఇదేమిటో చెప్పగలరా?' అని మ్యూజియానికి పంపిన ఫొటో. నాచు పట్టిన చెట్టు మాను. దానిమీద అరచేతిలో సగం ఉన్న ఏదో ఒకటి, విసనకర్ర ఆకారంలో, గోధుమరంగు మీద ముదురు చారలతో అతుక్కుని ఉంది.

"చిమ్మట" అన్నారు అత్తగారు.

"పుట్టగొడుగు" అంది అమ్మ.

రెండు మాటలూ ఒక్కసారే వచ్చాయి. బుల్లి కిటికీలోంచి బయటికి చూడడం మొదలుపెట్టింది.

"వదినగారూ, ఆ చారలు చూడండి. రెక్కలు మడుచుకుని పడుకున్న చిమ్మట అది. ఇలాంటివి నా దగ్గర పదమూడో అరలో బోలెడున్నాయి."

"అవి చారలే వదినగారూ, కాదనను. నా పుట్టగొడుగు అంచుకి ఉండే చారలు. ఇవి గొడుగులా నిలబడే రకం కాదు, మాను మీద అరలా పెరిగేవి. ఓసారి మీ కళ్ళజోడు తుడుచుకుంటే మీకే తెలుస్తుంది."

డైరెక్టరుగారికి ఇదంతా పండగలా ఉంది. ఆయన బల్లమీద చరిచి లేచారు. "ఇదే కావాలి నాకు! ఇంత చదివిన మీరిద్దరే తేల్చుకోలేకపోతే మామూలు జనం సంగతేమిటి? కొత్త హాల్లో మొదటి బీరువా ఇదే. ఒకవైపు చిమ్మట, ఒకవైపు పుట్టగొడుగు. మధ్యలో పోలికలూ తేడాలూ. బుల్లీ, నువ్వు రాయి."

బుల్లి గుండెలో రాయి పడింది.

ఆ వారమంతా ఆమె పోలికలు రాస్తూనే ఉంది. చిమ్మట రెక్కమీద పొడి ఉంటుంది, ముట్టుకుంటే వేలికి అంటుకుంటుంది. పుట్టగొడుగు కూడా పొడి రాలుస్తుంది, ఆ పొడిలోంచే మళ్ళీ పుట్టగొడుగులు వస్తాయి. చిమ్మట జీవితంలో ఎక్కువభాగం పురుగుగానే గడిచిపోతుంది, రెక్కలు వచ్చేది చివరి నాలుగు రోజులకే. పుట్టగొడుగు కూడా అంతే. ఎక్కువకాలం చెక్కలోపల దారాల్లా పాకుతూ ఉంటుంది, మన కంటికి కనబడే పుట్టగొడుగు దాని ఆఖరి ముచ్చట. ఇవన్నీ రాస్తుంటే బుల్లికి సరదాగానే ఉంది. చదివి వినిపించినప్పుడే వచ్చింది తంటా.

"బాగుందమ్మాయ్. కానీ చిమ్మట ఎగురుతుంది. అది ముందు రాయి" అన్నారు అత్తగారు.

"పుట్టగొడుగు ఎండిన మానును మట్టిగా మార్చి అడవిని బతికిస్తుంది. ఎగరడమా గొప్ప?" అంది అమ్మ. "నా మాట విని అది ముందు పెట్టవే."

"అసలు ఆ ఫొటోలో ఉన్నదేమిటో తేలకుండా ఏది ముందైతే ఏం?" అంది బుల్లి విసుగ్గా.

ఆ మాట ఎందుకన్నానా అని తర్వాత చాలాసేపు బాధపడింది. ఎందుకంటే ఆదివారం పొద్దున్నే వియ్యపురాళ్ళిద్దరూ రబ్బరు బూట్లు తొడుక్కుని ఆమె కారు దగ్గర నిలబడ్డారు. ముందు సీటు ఎవరిదో తేలక ఇద్దరూ వెనక కూర్చున్నారు. ముందు సీట్లో రొట్టెల డబ్బా, ఉడికించిన గుడ్లు, టీ ఫ్లాస్కూ దర్జాగా ప్రయాణం చేశాయి.

ఫొటో పంపినాయన ఆ చెట్టు ఎక్కడుందో గీసి మరీ పంపాడు. వాగు మీది చెక్కవంతెన దాటి, కంచె వెంబడే నడిస్తే పడిపోయిన పెద్ద మాను, దాని పక్కనే ఈ చెట్టు. దారిపొడుగునా అమ్మ నేలచూపులు చూస్తూ నడిచింది, అత్తగారు చెట్లమీదే చూపు నిలిపి నడిచారు. ఒకరు రాళ్ళు తప్పించుకుంటే మరొకరు కొమ్మలు తప్పించుకున్నారు. బుల్లి మాత్రం రాళ్ళకూ తట్టుకుంది, కొమ్మలకూ కొట్టుకుంది.

చెట్టు కనబడింది. మానుమీద అదీ ఉంది. ఫొటోలో ఎలా ఉందో అలాగే.

"చప్పుడు చెయ్యకండి, లేచిపోతుంది" అన్నారు అత్తగారు గుసగుసగా.

అమ్మ చప్పుడు చెయ్యలేదు. తిన్నగా నడిచి వెళ్ళి చూపుడువేలితో దాన్ని టకటకా కొట్టింది. అట్టముక్కను కొట్టినట్టు చప్పుడైంది. అది ఎగరలేదు. ఉలకలేదు, పలకలేదు.

"లేవమంటారా వదినగారూ? ఇంకాస్త గట్టిగా కొట్టనా?"

అమ్మ కాళ్ళు నేలమీద ఆనలేదు. జేబులోంచి చిన్న కత్తి తీసి, బెరడు ముక్కతో సహా దాన్ని కోసి, డబ్బాలో దూది పరిచి పడుకోబెట్టింది. కిందిభాగంలో రెండు మూడు సన్నటి బెజ్జాలు చూసి, "ఎవరో కొరికినట్టున్నారు. అయినా అందం తగ్గలేదు" అంటూ మురిసిపోయింది. రొట్టెలు తింటున్నంతసేపూ ఆవిడే మాట్లాడింది. అత్తగారు గుడ్డు పెంకు వలుస్తూ ఉండిపోయారు. వలిచిన గుడ్డు తినలేదు.

తిరుగు దారిలో అమ్మ వాగులో బూట్లు కడుక్కుంటుంటే, అత్తగారు కారులో కూర్చుని బుల్లితో నెమ్మదిగా అన్నారు. "అమ్మాయ్, ఓటమి సంగతి కాదు. ముప్పై ఏళ్ళుగా చూస్తున్న రెక్కలవి. ఫొటోలో నాకు రెక్కలే కనబడ్డాయి. ఒట్టు. నా కళ్ళమీద నాకే నమ్మకం పోతే ఇంక ఆ గదిలో కూర్చుని ఏం చెయ్యను?"

"ఫొటో మసగ్గా ఉందత్తయ్యా" అంది బుల్లి. ఫొటో మసగ్గా లేదని ఇద్దరికీ తెలుసు.

అమ్మ ఆ మాటలు వినేసింది. తడి బూట్లు చేత్తో పట్టుకుని కారు వెనక ఎంతసేపటినుంచి నిలబడిందో, వచ్చి తలుపు తీసి కూర్చుంది. ఇంటికి చేరేదాకా పుట్టగొడుగు మాట ఎత్తలేదు. దిగేటప్పుడు మాత్రం, "టీ బాగా కుదిరింది వదినగారూ" అంది. ఆ టీ పెట్టింది అత్తగారే. ముప్పై ఏళ్ళలో అత్తగారి చేతి పనిని అమ్మ మెచ్చుకోవడం బుల్లి అప్పుడే విన్నది.

మ్యూజియంలో ఒక నియమం ఉంది. బయటినుంచి వచ్చినది ఏదైనా, ఆకైనా ఈకైనా, ముందు డీప్ ఫ్రిజ్‌లో పెట్టి లోపల పురుగూ పుట్రా ఉంటే చంపేయాలి. ఆ నియమం రాయించిందీ, తప్పినవాళ్ళను వరండాలో నిలబెట్టి కడిగేసేదీ అమ్మే. కానీ ఈసారి ఫ్రిజ్ తలుపు దాకా వెళ్ళి వెనక్కి వచ్చేసింది.

"అమ్మా, పెట్టలేదేం?" అంది బుల్లి.

"చలికి దాని రంగు పోతుందే. ఒక్కదానికి ఏమవుతుందిలే. నువ్వెవరికీ చెప్పకు."

బీరువా తయారైంది. ఎడమవైపు చారల చిమ్మట, రెక్కలు పరుచుకుని. కుడివైపు బెరడు ముక్కమీద పుట్టగొడుగు. మధ్యలో బుల్లి రాసిన పోలికలు. ఏది ముందు అన్న పేచీని ఆమె ఒక వాక్యం చిమ్మట గురించి, ఒక వాక్యం పుట్టగొడుగు గురించి రాసి తీర్చింది. ఈసారి ఇద్దరూ నోరెత్తలేదు. అత్తగారు అసలు చదివారో లేదో తెలియదు. ఈమధ్య ఆవిడ గదిలో భూతద్దం బల్లమీద బోర్లించే ఉంటోంది.

కొత్త హాలు తెరిచే రోజు వచ్చింది. బడిపిల్లలు, వాళ్ళ టీచర్లు, పత్రికలవాళ్ళిద్దరు, ఎటువైపు చూసినా జనం. డైరెక్టరుగారు మైకు పట్టుకుని ప్రకృతి గొప్పతనం గురించి మొదలుపెట్టారు. మొదలుపెట్టారంటే ఇప్పట్లో ఆపరని అందరికీ తెలుసు. అమ్మ ముందు వరసలో కూర్చుంది. అత్తగారు మాత్రం వెనకగా, ఆ బీరువా పక్కనే నిలబడ్డారు.

బుల్లి ఆవిడకు మంచినీళ్ళు తీసుకెళ్ళింది. అత్తగారు గ్లాసు అందుకోలేదు. ముక్కు గాజుకు ఆనించి లోపలికి చూస్తున్నారు.

"అమ్మాయ్."

"ఏమిటత్తయ్యా?"

"మీ అమ్మ పుట్టగొడుగు కదులుతోంది."

అయ్యో, ఈవిడ కళ్ళు నిజంగానే పోయాయి అనుకుంది బుల్లి. వంగి చూసింది. ఏమీ లేదు. ఇంకా వంగి చూసింది. పుట్టగొడుగు కింద ఉన్న బెజ్జంలోంచి పురుగు విడిచిన గోధుమరంగు పొట్టు ఒకటి బయటికి పొడుచుకుని ఉంది. దాని పక్కనే, బియ్యపుగింజంత ఏదో ఒకటి. తలమీద చింపిరి జుట్టు, ఒంటిమీద తెలుపూ గోధుమా మచ్చలు. అప్పుడే పుట్టి, ముడతలు పడ్డ రెక్కలు ఆరబెట్టుకుంటోంది.

"చిమ్మట!" అన్నారు అత్తగారు. అన్నారనడం తక్కువ, అరిచారు. "పుట్టగొడుగులో చిమ్మట!"

డైరెక్టరుగారి ప్రసంగం మొదటిసారిగా మధ్యలో ఆగింది. మ్యూజియంలో చిమ్మట అనే మాట థియేటర్లో మంట అన్నట్టు. ఆయన ముఖం పాలిపోయింది. "నా ఎలుగుబంటి!" అన్నారు మైకులోనే. గడ్డి కూరిన ఎలుగుబంటి ఒకటి పై అంతస్తులో ఉంది. దాని బొచ్చుకు చిమ్మట పడుతుందేమోనని ఆయన రోజూ పీడకలలు కంటారని సిబ్బందికి తెలుసు.

ఇంతలో అమ్మ పరుగున వచ్చి, తాళంచెవి తీసి, ఏం చేస్తున్నదో తనకే తెలియకుండా బీరువా తలుపు తెరిచేసింది. తలుపు ఎప్పుడు తెరుస్తారా అన్నట్టు అది లేచి హాల్లోకి ఎగిరిపోయింది. పిల్లలు కేరింతలు కొట్టారు. ఒక టీచరు గొడుగు తెరిచింది, ఎందుకో ఆమెకే తెలియాలి.

"ఎవరూ కదలకండి!" అత్తగారి గొంతు ఖంగుమంది. "దాన్ని చంపారో చూడండి! డైరెక్టరుగారూ, మీ ఎలుగుబంటికి ఏం కాదు. ఈ జాతి పిల్లలు బొచ్చు తినవు, బట్టలు తినవు. పుట్టగొడుగులు తింటాయి."

డైరెక్టరుగారు ఊపిరి పీల్చుకున్నారు. అమ్మకు మాత్రం ఉన్న ఊపిరి పోయింది.

"పుట్టగొడుగులా?" అంది. పైన ఆవిడ గదిలో ఎండబెట్టిన పుట్టగొడుగులు గోడల పొడుగునా అరల నిండా ఉన్నాయి. "వదినగారూ, అది ఆడదా మగదా?"

"అంత దూరాన్నుంచి నాకేం తెలుస్తుంది వదినగారూ? ఆడదైతే గుడ్లు పెట్టడానికి మీ గదినే వెతుక్కుంటుంది."

అమ్మ మెట్లవైపు పరుగు తీసి తన గది తలుపు కింద శాలువా కుక్కి వచ్చింది. వచ్చేసరికి హాలంతా తలెత్తి చూస్తోంది. చిమ్మట స్తంభం పైన, గోడ అంచున కూర్చుంది. అదెక్కడుందో అత్తగారు వేలితో చూపిస్తున్నారు. "అదిగో, ఆ పగులుకు జానెడు ఎడంగా. ఇంకా పక్కకి. అక్కడే!" ఆవిడ తప్ప ఎవరికీ అది కనబడడం లేదు. బుల్లి మునివేళ్ళమీద లేచి, మంచినీళ్ళ గ్లాసు ఖాళీ చేసి దానిమీద బోర్లించి, అడుగున ఆహ్వానపత్రిక అట్ట దూర్చింది. హాలు దద్దరిల్లేలా చప్పట్లు కొట్టారు. డైరెక్టరుగారు ఆ చప్పట్లు తన ప్రసంగానికే అనుకుని నమస్కారం పెట్టారు.

ఆ సాయంత్రం పురుగుల గదిలో బల్లమీద గ్లాసు ఉంది. దానికి ఇటూ అటూ వియ్యపురాళ్ళు. చిమ్మట దొరికితే ఏం చేస్తారో తెలిసిందే. అత్తగారి చెయ్యి అలవాటుగా పురుగుల్ని చంపే మందు సీసావైపు వెళ్ళింది.

"ఆగండి వదినగారూ" అంది అమ్మ. "చంపేస్తారా?"

"చంపకుండా సూదికి ఎలా గుచ్చుతాను?"

"నా పుట్టగొడుగు తిని పెరిగింది వదినగారూ. ఒకరకంగా నా ఇంటి పిల్ల. అదీకాక ఆ తల చూడండి, పొద్దున్నే లేచిన మన బుల్లి జుట్టులా లేదూ?"

అత్తగారు సీసా వదిలేశారు. అమ్మ నోట చిమ్మట గురించి మంచిమాట రావడం ఆవిడకు ఎంత వింతగా ఉందో, ముఖం చూస్తేనే తెలుస్తోంది. కొంచెంసేపు గ్లాసు తిప్పుతూ కూర్చుని, ఉన్నట్టుండి అడిగారు.

"లోపల ఇంకా ఉండి ఉంటాయి వదినగారూ. అవన్నీ బయటికి రావాలంటే ఆ పుట్టగొడుగు పూర్తిగా ఎండిపోకూడదు, కుళ్ళకూడదు. దాన్ని ఎలా చూసుకోవాలి? నాకు తెలియదు."

నాకు తెలియదు. వరండాకు ఆ పక్కనుంచి ఆ మాట ఎప్పుడూ రాలేదు. అమ్మకు కళ్ళు చెమర్చినంత పనైంది. గొంతు సవరించుకుని, మానుమీది పుట్టగొడుగు తేమ ఎలా తాగుతుందో, ఎలా వదులుతుందో మొదలుపెట్టింది. అత్తగారు మధ్యలో అడ్డుపడకుండా విన్నారు. తర్వాత ఆ పురుగు లోపల ఎలా సొరంగాలు తవ్వుకుంటుందో ఆవిడ చెప్పారు. అమ్మ నోరు తెరుచుకుని విన్నది. పలచటి వలగుడ్డ తెచ్చి, పుట్టగొడుగుకు ఇద్దరూ కలిసి గుడారం కుట్టారు. గ్లాసులోని దాన్నీ అందులోకే వదిలారు. కుట్టు వంకర అయిందని ఒకరూ, సూదికి దారం ఎక్కించడానికే అరగంట పట్టిందని మరొకరూ అనుకున్నారు. అది వేరే సంగతి.

బుల్లి తలుపు తట్టింది. "పోలికలు మళ్ళీ రాయాలి కదా, అడుగుదామని..."

"ఇప్పుడు కాదు!" అన్నాయి రెండు గొంతులు.

బుల్లి వరండాలో బెంచీమీద కూర్చుంది. మొగుడు ఫోన్ చేశాడు. "ఎవరు గెలిచారు?"

"తెలీదు. ఇద్దరూ ఒకే గదిలో ఉన్నారు. తలుపేసుకున్నారు. నన్ను రానివ్వడం లేదు."

"వాచ్‌మన్ని పిలవనా?"

"నవ్వులు వినిపిస్తున్నాయండీ."

"అయితే తప్పకుండా పిలవాలి" అన్నాడతను.

ఆ గుడారంలో తర్వాత మరికొన్ని చిమ్మటలు పుట్టాయి. బీరువా ముందు జనం పెరిగారు. పోలికలు ఈసారి వియ్యపురాళ్ళిద్దరూ కలిసి వాళ్ళే రాసుకున్నారు. బుల్లి వంతుకు అక్షరదోషాలు దిద్దే పని మాత్రం మిగిలింది. ఏ వాక్యం ఎవరిదో పట్టుకుందామని చూసింది కానీ, పుట్టగొడుగును పొగిడిన చోట అత్తగారి మాటతీరూ, చిమ్మటను పొగిడిన చోట అమ్మ మాటతీరూ కనబడ్డాయి. ఎన్నాళ్ళనుంచో ఆ ఇద్దరి మధ్యా నలిగిపోతున్నానని వాపోయిన బుల్లికి, ఇప్పుడు తనను ఎవరూ నలపకపోవడం కొంచెం వెలితిగానే తోచింది. కొంచెమే.

ఆ తర్వాత ఓ ఆదివారం ఆమె నిద్రలేచేసరికి ఇంటిముందు కారు ఇంజన్ మోగుతోంది. రబ్బరు బూట్లతో అమ్మా అత్తగారూ వెనక సీట్లో సర్దుకుంటున్నారు. ఆ అడవిలోనే కొత్తగా ఏదో చూసొచ్చానని ఫొటో పంపినాయన ఇంకో ఫొటో పంపాడట. ఇది బూజని ఒకరు, పురుగు గూడని ఇంకొకరు.

"నేనూ వస్తానుండండి" అంది బుల్లి.

"నీకెందుకే ఈ ఎండలో? చోటు కూడా లేదు, డబ్బాలున్నాయి" అంది అమ్మ.

"నువ్వు పడుకో అమ్మాయ్" అన్నారు అత్తగారు.

స్టీరింగు ముందు బుల్లి మొగుడు కూర్చున్నాడు, నిద్రమొహంతో. అప్పటికే ఎడమచెవిలో ఒక దారీ, కుడిచెవిలో ఇంకో దారీ పడుతున్నాయి. అతను భార్యవైపు చూసిన చూపులో సముద్రంలో మునిగేవాడి ఆక్రందన ఉంది.

బుల్లి చెయ్యి ఊపింది. లోపలికి వచ్చి, తలుపేసుకుని, దుప్పటి నెత్తిదాకా లాక్కుని హాయిగా పడుకుంది.